ట్రైనింగ్‌లో ఉన్న డిప్లొమా విద్యార్థులకు ఇండస్ట్రియల్ నెట్‌వర్కింగ్ ఆన్‌లైన్‌లో నేర్పడం ఎలా?

గోదావరి_లెక్చరర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాను. మా ఆఖరి సంవత్సరం పిల్లలు ఇప్పుడు ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో ఉన్నారు. కొందరు పరవాడలో మందుల ఫ్యాక్టరీల్లో, కొందరు శ్రీసిటీలో, నలుగురు పల్నాడు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో చేరారు. షిఫ్టు దిగి, స్నానం, భోజనం ముగించుకుని రాత్రి ఎనిమిదిన్నరకు అద్దె గదుల నుంచే నా క్లాసుకు వస్తారు. వారానికి రెండు రోజులు, రోజుకు గంట చొప్పున వాళ్లకు ఇండస్ట్రియల్ నెట్‌వర్కింగ్ (ఫ్యాక్టరీలోని యంత్రాలు, మీటర్లు, కంట్రోలర్లు ఒకదానితో ఒకటి సమాచారం మార్చుకునే పద్ధతి) చెప్పే బాధ్యతను నేనే అడిగి తీసుకున్నాను. మొత్తం 38 మంది. వారిలో లాప్‌టాప్ ఉన్నవాళ్లు 9 మంది, మిగిలిన అందరికీ ఫోనే ఆధారం.

మొదటి నెలంతా పుస్తకంలోని వరస ప్రకారమే చెప్పాను. ఓఎస్ఐ ఏడు పొరలు (నెట్‌వర్క్ పనిని తీగ నుంచి ప్రోగ్రాము దాకా ఏడు అంచెలుగా విడదీసి చూపే నమూనా), టోపాలజీలు (పరికరాలను కలిపే తీరులు), ఐపీ అడ్రసు, సబ్‌నెట్ మాస్కు, ఆ తరువాత ఫ్యాక్టరీ పరికరాలు మాట్లాడుకునే ప్రోటోకాళ్లు (సమాచార నియమాలు) మోడ్‌బస్, ప్రొఫిబస్, ప్రొఫినెట్ అన్నీ స్లైడ్ల మీద చూపించాను. టెస్టు పెడితే మార్కులు బాగానే వచ్చాయి. పోయిన వారం సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్న ఒక అబ్బాయి క్లాసు అయ్యాక కూడా ఉండిపోయి, "మేడమ్, కంట్రోల్ రూములో ఒక ఎనర్జీ మీటరు వోల్టేజీ సున్నా చూపిస్తోంది, మీటరు ముఖం మీద మాత్రం 230 కనిపిస్తోంది, ఎందుకో చూడమని మా ఇంజినీరు గారు అడిగారు, నాకు ఏడు పొరల పేర్లు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు" అన్నాడు. ఆ రాత్రి నా స్లైడ్లన్నీ మళ్లీ తిరగేశాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి పనికొచ్చే దారి వాటిలో ఎక్కడా లేదు.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి ఉంది. ఈ పిల్లలు రోజంతా నిజమైన ప్యానెళ్ల పక్కనే నిలబడుతున్నారు, కానీ వాటిని ముట్టుకోవడానికి వీలు లేదు. చాలా చోట్ల ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. భద్రత దృష్ట్యా అది సరైనదే. మా ల్యాబ్‌లో రెండు పిఎల్‌సి (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటరు) కిట్లు ఉన్నాయి గాని, అవి కాలేజీలో, పిల్లలు మరో జిల్లాలో. ఫోను మాత్రమే ఉన్న విద్యార్థికి తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతిని ఎలా నేర్పాలి? సిలబస్‌లో దేన్ని తగ్గించవచ్చు? ఆన్‌లైన్‌లో అసలు నేర్పలేనిది ఏమిటి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఫ్రేమ్_చదువరి సమాధానం:

నమస్కారం మేడమ్. నేను హైదరాబాదు నుంచి పనిచేసే సాంకేతిక నిపుణులకు ఇదే విషయాన్ని ఆన్‌లైన్‌లో చెబుతుంటాను. ముందు ఆ అబ్బాయి ప్రశ్నను చూద్దాం, ఎందుకంటే మీ కోర్సును అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

చాలా ఎనర్జీ మీటర్లు వోల్టేజీ విలువను 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ బిందువు ఉండే) సంఖ్యగా పంపుతాయి. మోడ్‌బస్‌లో ఒక రిజిస్టరుకు (పరికరంలో విలువ ఉండే గడికి) 16 బిట్లే పడతాయి కాబట్టి ఆ విలువ రెండు రిజిస్టర్లలో వస్తుంది. 230ని ఆ పద్ధతిలో హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా అంకెలు రాసే పద్ధతిలో) రాస్తే మొదటి రిజిస్టరులో 4366, రెండవదానిలో 0000 ఉంటాయి. స్కాడా (కంట్రోల్ రూములో రీడింగులు సేకరించి చూపే సాఫ్ట్‌వేర్) వైపు ఈ రెంటినీ తారుమారుగా కలిపితే 00004366 అవుతుంది. దాన్ని అదే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో చదివితే బిందువు తరువాత నలభై సున్నాలు దాటాక గాని మొదటి అంకె రాదు, అందుకే తెర మీద సున్నా కనిపిస్తుంది. అంటే తీగ బాగున్నా, మీటరు బాగున్నా, సమాచారం సక్రమంగా చేరినా, చదివే వరస ఒక్కటి తప్పితే ఇలా జరుగుతుంది. రెండవ అనుమానం అడ్రసు మీద ఉండాలి. మాన్యువల్‌లో 40108 అని రాసిన రిజిస్టరు తీగ మీద 107గా వెళుతుంది. ఆ ఒకటిని కొన్ని సాఫ్ట్‌వేర్లు తామే తీసేస్తాయి, కొన్ని మనకే వదిలేస్తాయి, దాంతో పక్క రిజిస్టరు చదవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. ఆ ఫ్యాక్టరీలో అసలు కారణం ఏదైనా, ఈ రెండు సందేహాలూ తనంతట తానే లేవనెత్తగలిగితే ఆ అబ్బాయికి విషయం వచ్చినట్టే.

కాబట్టి నా సలహా ఏమిటంటే, అయిదారు ప్రోటోకాళ్ల పరిచయం మానేసి మోడ్‌బస్ ఒక్కదాన్ని అడుగు దాకా చెప్పండి. 1979లో మోడికాన్ కంపెనీ తన పిఎల్‌సిల కోసం తయారుచేసిన ఈ ప్రోటోకాల్ ఈనాటికీ మీటర్లలో, మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లలో, టెంపరేచర్ కంట్రోలర్లలో కనిపిస్తుంది, దాని స్పెసిఫికేషన్ ఉచితంగా దొరుకుతుంది, అన్నింటికంటే ముఖ్యంగా దాని ఫ్రేమ్‌ను (ఒక సందేశంలోని బైట్ల వరసను) కంటితో చదవవచ్చు. నేను మొదటి క్లాసులో స్లైడ్లేమీ లేకుండా ఈ పన్నెండు బైట్లను నోటుపుస్తకంలో రాయించి మొదలుపెడతాను:

00 01 00 00 00 06 01 03 00 00 00 02

మొదటి రెండు బైట్లు ఈ ప్రశ్నకు ఇచ్చిన వరస సంఖ్య. తరువాతి రెండూ మోడ్‌బస్‌లో ఎప్పుడూ సున్నాలే. ఆపైన 00 06 అంటే ఇంకా ఆరు బైట్లు వస్తున్నాయని. 01 అనేది పరికరం నంబరు, 03 అంటే హోల్డింగ్ రిజిస్టర్లు చదవమని, 00 00 అంటే మొదటి రిజిస్టరు నుంచి, 00 02 అంటే రెండు రిజిస్టర్లు కావాలని. దీనికి వచ్చే జవాబు ఇది:

00 01 00 00 00 07 01 03 04 43 66 00 00

ఇందులో 04 అంటే నాలుగు బైట్ల సమాచారం ఉందని. ఆ నాలుగు బైట్లే మీ అబ్బాయి మీటరు చూపిస్తున్న 230 వోల్టులు.

ఇక ఫోను సంగతి. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే అందులో పైథాన్ నడుస్తుంది. ఒక సెషన్‌లో మీటరులా జవాబిచ్చే చిన్న ప్రోగ్రామును, రెండవ సెషన్‌లో ప్రశ్న పంపే ప్రోగ్రామును నడపమనండి. రెండూ ఒకే ఫోనులో 127.0.0.1 అడ్రసు మీద మాట్లాడుకుంటాయి, వైఫై కూడా అక్కర్లేదు. మోడ్‌బస్ టీసీపీ (ఐపీ నెట్‌వర్క్ మీద నడిచే మోడ్‌బస్) అసలు పోర్టు (ప్రోగ్రాము వినే తలుపు నంబరు) 502 అయినా, రూట్ చేయని (పూర్తి అధికారాలు తెరవని) ఫోనులో 1024 కంటే చిన్న పోర్టులను తెరవనివ్వరు కాబట్టి 5020 వాడండి. వెళ్లిన బైట్లు, వచ్చిన బైట్లు తెర మీద అచ్చయ్యేలా ప్రోగ్రాము రాస్తే చాలు. లాప్‌టాప్ ఉన్న తొమ్మిది మందీ వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్ మీద వెళ్లే బైట్లను చూపే సాఫ్ట్‌వేర్‌లో) అదే చూడవచ్చు, అయితే 5020 పోర్టును మోడ్‌బస్‌గా చదవమని దానికి విడిగా చెప్పాలి, లేకపోతే ఉత్త డేటా అనే చూపిస్తుంది.

ఇది పనిచేసిన మరుక్షణం నుంచి పాడుచేయించండి. అసలు చదువు ఇక్కడే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. మీటరు ప్రోగ్రామును ఆపేసి ప్రశ్న పంపితే కనెక్షన్ వెంటనే తిరస్కరించబడుతుంది, అంటే అవతల యంత్రం ఉంది గాని వినేవారు లేరు. గదిలో ఇద్దరుంటే ఒకరి హాట్‌స్పాట్‌లో మరొకరు చేరి, ఎవరికీ లేని అడ్రసుకు పంపితే జవాబే రాక కొంతసేపు వేచి చివరకు ఆగిపోతుంది. లేని రిజిస్టరును అడిగితే 00 01 00 00 00 03 01 83 02 అని వస్తుంది. 03 కాస్తా 83గా మారిందంటే పరికరం వినింది, అర్థం చేసుకుంది, కాని కుదరదంటోంది. చివరి 02 అంటే ఆ అడ్రసు తన దగ్గర లేదని. రిజిస్టర్ల వరస మార్చి చదివితే అన్నీ సక్రమంగా ఉండి విలువ ఒక్కటే తప్పుగా వస్తుంది. నాలుగు తప్పులకూ నాలుగు వేర్వేరు ముఖాలున్నాయి, ఒక్కొక్కటి ఒక్కో పొరకు చెందినది. మీరు చెప్పిన ఏడు పొరల పాఠం వృథా కాలేదు మేడమ్, దాన్ని ఈ నాలుగు ప్రయోగాల తరువాత మరోసారి చెబితే పిల్లలు తలలూపే తీరే మారిపోతుంది.

షిఫ్ట్_ఇన్‌స్ట్రుమెంటేషన్ సమాధానం:

మేడమ్‌కు, పై మిత్రులకు నమస్కారం. నేను పదిహేడేళ్లుగా ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ మెయింటెనెన్స్ చేస్తున్నాను. ట్రైనింగ్‌కు వచ్చే డిప్లొమా పిల్లలు మొదట మా చేతి కిందికే వస్తారు. బైట్లు చదవడం నేర్పాలన్న మాటతో ఏకీభవిస్తాను. కాని నా అనుభవంలో రాత్రి రెండు గంటలకు వచ్చే ఫోను ఎక్కువగా తీగ, కనెక్టరు, ఎర్తింగ్ వీటి గురించే ఉంటుంది. ఆ భాగాన్ని ఫోను తెర నేర్పలేదు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక ప్లాంటులో ప్రొఫిబస్ లైను మీద వరసగా ఉన్న పదకొండు డ్రైవ్‌లలో ఆరో దాని తరువాతవి అన్నీ ఒకేసారి కనిపించకుండా పోయాయి. మేము ఆరో, ఏడో డ్రైవ్‌ల కమ్యూనికేషన్ కార్డులను అనుమానించి, స్టోర్సు నుంచి రెండు కార్డులు తెప్పించి మార్చి, నాలుగు గంటలు పోగొట్టుకున్నాము. చివరకు మా సీనియర్ వచ్చి ఆరో డ్రైవ్ దగ్గర ఊదా రంగు కేబుల్ చివరనున్న కనెక్టరు మీది చిన్న స్విచ్‌ను వేలితో వెనక్కి నెట్టారు. అన్నీ తిరిగి వచ్చాయి. ముందు రోజు అక్కడ పనిచేసినవారు టెర్మినేషన్ స్విచ్‌ను (లైను చివర మాత్రమే ఉండవలసిన రెసిస్టరును కలిపే స్విచ్‌ను) ఆన్‌లో వదిలేశారు. ఆ రకం కనెక్టరులో స్విచ్ ఆన్ అయితే ముందుకు వెళ్లే కేబుల్ తెగిపోయినట్టే అవుతుంది. "ఏవి పోయాయి" అని కాకుండా "ఎక్కడి నుంచి పోయాయి" అని అడిగి ఉంటే ఆ నాలుగు గంటలూ అయిదు నిమిషాల్లో అయిపోయేవి. ఆ ప్రశ్నను మాత్రం ఆన్‌లైన్‌లోనే చక్కగా నేర్పవచ్చు. లైను బొమ్మ గీసి, ఏ పరికరాలు కనిపించడం లేదో చెప్పి, మొదట ఎక్కడికి నడుస్తావు అని ఒక్కొక్కరినీ అడగండి.

చేతితో చేయవలసిన దానికి ఒక్క రోజు చాలు. పిల్లలు కాలేజీకి వచ్చే ఏదో ఒక రివ్యూ రోజున మెలితిప్పిన జంట తీగ, 120 ఓమ్‌ల రెసిస్టర్లు నాలుగు, మల్టీమీటరు, యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్-485కు (రెండు తీగల మీద నడిచే సీరియల్ లైనుకు) మార్చే కన్వర్టర్లు రెండు బల్ల మీద పెట్టండి. లైనుకు రెండు చివరలా రెసిస్టరు ఉంటే, పవర్ తీసేసి రెండు తీగల మధ్య కొలిచినప్పుడు 60 ఓమ్‌లకు దగ్గరగా రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టరు లేదు, 40 వస్తే ఎవరో మధ్యలో మూడవది పెట్టారు. ఈ మూడు అంకెలనూ ఒకసారి తన చేత్తో కొలిచిన పిల్లవాడు మరిచిపోడు. తరువాత రెండు తీగలనూ అటూ ఇటూ మార్చి పెట్టించండి. ఒక కంపెనీ ఏ అన్న తీగను మరో కంపెనీ బి అనడం మా రంగంలో ఈనాటికీ తీరని తలనొప్పి.

ప్లాంటులో ముట్టుకోకుండా కూడా చాలా నేర్చుకోవచ్చు. కమ్యూనికేషన్ కేబుల్ మోటారు పవర్ కేబుల్‌తో ఒకే ట్రేలో వెళుతోందా, షీల్డును ఎక్కడ ఎర్త్ చేశారు, స్విచ్ మీది దీపాల్లో ఏవి స్థిరంగా వెలుగుతున్నాయి, ఏవి మిణుకుతున్నాయి అని సూపర్‌వైజర్ గారి అనుమతితో చూసి, గదికి వచ్చాక జ్ఞాపకంతో బొమ్మ గీయమనండి. యంత్రాల పేర్లు, అడ్రసులు, కంపెనీ వివరాలు ఆ బొమ్మలో ఉండకూడదని ముందే చెప్పండి.

ఒక హెచ్చరిక మాత్రం దయచేసి మొదటి క్లాసులోనే చెప్పండి. ఇంట్లో నేర్చుకున్న స్కానింగ్ యాప్‌ను గాని, ప్రోగ్రామును గాని ప్లాంటు నెట్‌వర్క్ మీద ఎవరూ ప్రయోగించరాదు. మోడ్‌బస్‌లో పాస్‌వర్డు అనేదే లేదు. మూసిన ప్యానెల్‌లో ఒక సీరియల్ తీగ మీద నడవడానికి పుట్టిన ప్రోటోకాల్ అది, కాబట్టి తీగను చేరుకోగలిగిన ఎవరు రాయమన్నా పరికరం రాసేస్తుంది. పాత పిఎల్‌సిలు కొన్ని ఉత్త పోర్టు స్కానింగ్‌కే ఆగిపోతాయి. కుర్రవాడి కుతూహలం వల్ల నడుస్తున్న కన్వేయరు ఆగితే అక్కడ మనుషులకు దెబ్బలు తగలవచ్చు.

గోదావరి_లెక్చరర్:

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి నేనే టెర్మక్స్‌లో ఆ పన్నెండు బైట్లు పంపి జవాబు తెప్పించుకున్నాను. 83 కనిపించినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. మరో రెండు సందేహాలు ఉన్నాయి. సమాచారం నిర్ణీత సమయానికి చేరాలన్న విషయాన్ని, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కూ ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌కూ ఉన్న అసలు తేడాను, ఫోనులతో ఎలా చూపాలి? పరీక్ష ఎలా పెట్టాలి? ఒకరు చేసిన స్క్రీన్‌షాట్ 38 మందికీ చేరిపోతుందని నా భయం.

కమిషనింగ్_తెలుగు సమాధానం:

నేను జర్మనీలో ప్యాకేజింగ్ యంత్రాల కమిషనింగ్ చేస్తుంటాను. మొదటి సందేహానికి మీ ఆన్‌లైన్ క్లాసే మంచి ప్రయోగశాల మేడమ్. అందరినీ తమ రౌటరుకు ఒకసారి, బయటి సర్వరుకు ఒకసారి వంద చొప్పున పింగ్ (అవతలి యంత్రం జవాబివ్వడానికి ఎంత సమయం పడుతుందో కొలిచే చిన్న సందేశం) పంపి, అతి తక్కువ సమయాన్ని, అతి ఎక్కువ సమయాన్ని రాయమనండి. సగటు ఎంతన్నది అడగవద్దు. సగటు బాగానే ఉండి, ఒక్క పింగ్ ఆలస్యం కావడమే ఇక్కడ పాఠం. ఆ ఆలస్యం వల్ల మీ గొంతు ఒక క్షణం ముక్కలవుతుంది, పిల్లలు ఓర్చుకుంటారు. ప్రొఫినెట్‌లో 2 మిల్లీసెకండ్లకు ఒకసారి సమాచారం రావాలని పెట్టి, వరసగా మూడు సార్లు రాకపోతే తప్పుగా లెక్కించమంటే, 6 మిల్లీసెకండ్ల మౌనానికే యంత్రం ఆగిపోతుంది.

ప్రొఫినెట్ గురించి ఇంకొక్క విషయం చెప్పండి చాలు, మిగతాది పనిలో నేర్చుకుంటారు. అందులో కంట్రోలరు పరికరాన్ని గుర్తించేది దానికి మనం పెట్టిన పేరుతో. చెడిపోయిన పరికరం స్థానంలో స్టోర్సు నుంచి కొత్తది తెచ్చి, ఐపీ అడ్రసు ఇచ్చి, పింగ్ వచ్చిందని సంబరపడి, యంత్రం ఎందుకు కదలదో తెలియక కూర్చున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. పేరు పెట్టలేదు, అంతే.

ఫ్రేమ్_చదువరి సమాధానం:

సీరియల్ లైను మీద కూడా సమయం లెక్క వేయించండి మేడమ్, దానికి కాగితం చాలు. 9600 వేగంలో ఒక బైటుకు 11 బిట్లు లెక్కిస్తే సుమారు 1.15 మిల్లీసెకండ్లు పడుతుంది. రెండు రిజిస్టర్లు చదవడానికి ప్రశ్న 8 బైట్లు, జవాబు 9 బైట్లు, మధ్య విరామాలూ పరికరం ఆలోచించుకునే సమయమూ కలిపి 40 మిల్లీసెకండ్లు అనుకుందాం. ఇరవై మీటర్లకు 0.8 సెకండు. ఇప్పుడు ఒక్క మీటరుకు పవర్ పోయిందనుకోండి. స్కాడా ఒక సెకండు వేచి చూసి, మొత్తం మూడు సార్లు ప్రయత్నిస్తే, చుట్టు పూర్తి కావడానికి దాదాపు 3.8 సెకండ్లు. బాగున్న పంతొమ్మిది మీటర్ల రీడింగులు కూడా నెమ్మదిస్తాయి. "అన్నీ స్లో అయ్యాయి" అనే ఫిర్యాదు వెనుక చచ్చిపడి ఉన్న ఒక్క పరికరం ఉండవచ్చని ఈ లెక్క చేసినవాడికి తడుతుంది.

పరీక్ష విషయంలో మీ భయం న్యాయమైనదే. నేను స్క్రీన్‌షాట్లు అడగడం మానేశాను. హాల్‌టికెట్ నంబరులోని చివరి మూడు అంకెలను రిజిస్టరు విలువగా పెట్టమంటాను, కాబట్టి ఏ ఇద్దరి బైట్లూ ఒకటి కావు. ఒక్కొక్కరికీ ఒక తప్పు దాచిన చిన్న బైట్ల వరస వాట్సాప్‌లో పంపుతాను. ఒకదానిలో పొడవు తప్పు, ఒకదానిలో 83, ఇంకొకదానిలో ప్రశ్న వరస సంఖ్య ఒకటైతే జవాబుది మరొకటి. ఆ తరువాత ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు మాట్లాడతాను. తప్పు కనిపెట్టినందుకు సగం మార్కులే. మిగతా సగం "నువ్వు ఇప్పుడు ప్లాంటులో ఉంటే తరువాత ఏం చూస్తావు, ఎవరి అనుమతి అడుగుతావు" అన్న ప్రశ్నకు. అయిదు నిమిషాల చొప్పున 38 మందికి మూడు గంటల పైన పడుతుంది, మూడు నాలుగు రాత్రులు కేటాయించుకోవలసి వస్తుంది. ఇందులో దగ్గరిదారి ఏదీ నాకు దొరకలేదు.

గోదావరి_లెక్చరర్:

మూడు నాలుగు రాత్రులు అవసరమైతే తప్పకుండా కేటాయిస్తాను. రెసిస్టర్లు, కన్వర్టర్ల కోసం మా ప్రిన్సిపాల్ గారికి ఈ రోజే లెటరు పెట్టాను, వచ్చే నెల రివ్యూకు పిల్లలు వచ్చేసరికి బల్ల సిద్ధంగా ఉంటుంది. రేపటి క్లాసులో స్లైడ్లు తెరవను. జవాబులోని ఆ పదమూడు బైట్లను ముందుగా మా సిమెంటు ఫ్యాక్టరీ అబ్బాయి చేతనే చదివిస్తాను. వాళ్ల ఇంజినీరు గారు ఇంకా జవాబు కోసం చూస్తున్నారట.